వజీర్ పైలం

ఎస్తర్ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయడమూ, ఫోన్ టింగుమనడమూ ఒకేసారి జరిగాయి. ఫోన్ వైపు చూడకుండానే ఆమెకు తెలుసు, అది ఫిర్యాదే అని. మంచి కబురు చెప్పడానికి ఆ సైటు ఆమెను ఇంతవరకూ పిలిచిన పాపాన పోలేదు.

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఓ రక్తపరీక్షల ల్యాబులో ఆమె ఉద్యోగం. పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా వచ్చినవాళ్ల చేతులు చాపించి సూదులు గుచ్చడమే పని. "ఇగో, గుచ్చుతున్న, చెయ్యి కదపకుండ్రి" అనకుండా పద్దెనిమిదేళ్లలో ఒక్కరికీ గుచ్చి ఎరగదు. అది జీతమొచ్చే పని. జీతం రాని పని ఇంకొకటి నెత్తికెత్తుకుంది. ఫోన్లలో చదరంగం ఆడుకునేవాళ్ల కోసం ‘గళ్లబల్ల’ అని ఒక సైటుంది. ఆట పక్కన మాటలు రాసుకోవడానికి చిన్న కిటికీ ఉంటుంది. అందులో తెలుగువాళ్లు రాసుకునే మాటలకు ఎస్తర్ కాపలా. దాన్ని మోడరేటర్ అంటారు. పేరు పక్కన ఆకుపచ్చ డాలు బొమ్మ ఒకటి ఇస్తారు. ఆ డాలు కోసం రెండేళ్ల కిందట దరఖాస్తు పెట్టుకున్న తన బుద్ధిని ఆమె రోజుకొక్కసారైనా తిట్టుకుంటుంది.

చదరంగం నోరు మూసుకుని ఆడే ఆట అని లోకమంతా అనుకుంటుంది. మనవాళ్లకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. ఒకాయన ఆట మొదలుకాగానే అవతలివాళ్ల ఇంటిపేరు అడుగుతాడు, చెప్పకపోతే పొగరని ఫిర్యాదు పెడతాడు. ఇంకొకాయన ‘నమస్తే’ అన్నాడు, బదులు రాలేదు, ఓడిపోయేదాకా ఎత్తుకొక్క నమస్తే పెట్టుకుంటూనే పోయాడు. మరొకాయన ఇంకో రెండెత్తుల్లో గెలుస్తాననగా ‘బాగా ఆడారు’ అన్నాడు. పుండు మీద కారం చల్లాడని అవతలాయన కేసు పెట్టాడు. ‘తొందరగా కానివ్వండి, కుక్కర్ పెట్టి వచ్చాను’ అందొకావిడ. ఇవన్నీ చదివి, ఎవరిది తప్పో తేల్చి, సైటువాళ్లు రాసిపెట్టిన అచ్చు ఉత్తరాల్లో ఎవరికి ఏది పంపాలో చూసి పంపేసరికి అన్నం చల్లారిపోతుంది, పప్పు గడ్డకడుతుంది.

ఇవ్వాళ ఫిర్యాదు ఎవరి మీదో చూడగానే ఆమె ముద్ద డబ్బాలో వదిలేసింది.

"మల్ల ఈయననేనా దేవా!" అంది పైకే.

‘గంగన్న బోధన్’. ఆ పేరు చూస్తే చాలు, ఎస్తర్‌కు తలనొప్పి మొదలవుతుంది. ఆయన ఎవరినీ తిట్టలేదు. కులం అడగలేదు. ఆయన రాసేది ఒకే ఒక్క మాట, ‘వజీర్ పైలం’. పైలమంటే జాగ్రత్త. వజీర్ అంటే మంత్రి, బల్ల మీద అన్నిటికంటే బలమైన పావు. ఎదుటివాడి వజీర్ తన పావు దెబ్బకు దొరికే చోట ఉంటే చాలు, గంగన్న ఆ మాట రాస్తాడు. ఒక ఎత్తు ఆగుతాడు. ఎదుటివాడు సర్దుకుంటే సరే, లేకపోతే అప్పుడు కొడతాడు. ఒకే ఆటలో తొమ్మిదిసార్లు రాసిన రోజు కూడా ఉంది. పుణెలో ఒకాయనకు తెలుగు రాదు, ఏదో తిడుతున్నాడనుకుని ఫిర్యాదు చేశాడు. కాకినాడలో ఇంకొకాయనకు తెలుగు వచ్చు, తనకు కళ్లు లేవన్నట్టు వెక్కిరిస్తున్నాడని ఫిర్యాదు చేశాడు. వచ్చినా తంటానే, రాకపోయినా తంటానే.

ఒకే మాట పదేపదే రాయకూడదని ఎస్తర్ మూడు ఉత్తరాలు పంపింది. మొదటిదానికి ‘సరే బిడ్డా, నువ్వు తిన్నవా?’ అని బదులొచ్చింది. రెండోదానికి ‘మంచిది, మీదే ఊరు?’ అని వచ్చింది. మూడోది పంపేసరికి ఆయన ఎవరితోనో ఆడుతూ వజీర్ పైలం అంటున్నాడు. ఇక ఓపిక చచ్చి, రెండు నెలలపాటు ఆయన ఏ ఆటలోనూ ఒక్క అక్షరం రాయకుండా కిటికీ మూసేసింది. నెల గడిచింది. ప్రాణానికి హాయిగా ఉందనుకుంటుండగానే ఇది వచ్చింది.

ఇది మాటల గురించి కాదు. రాసింది మనిషీ కాదు, ఆటలు తనిఖీ చేసే యంత్రం. ‘ఈ ఆటగాడు కావాలని ఓడిపోతున్నాడు’ అని.

డబ్బా సగంలో ఉండగానే మల్లికార్జున్ ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఉంటాడు, మోడరేటర్లందరికీ పెద్ద. గొంతు పెంచి ఎరగని మనిషి. ఎస్తర్‌కు అదే ఎక్కువ ఒళ్లు మంట.

"ఎస్తర్ గారూ, మీ గంగన్న సంగతి చూశారాండీ?"

"నా గంగన్న ఏంది సార్? మా చుట్టమా?"

"అదేలెండి. ఈ నెలలో ముప్పై ఒక్క ఆటల్లో ఎదుటివాళ్ల వజీర్ ఉత్తపుణ్యానికి దొరికింది. ఒక్కటంటే ఒక్కటీ కొట్టలేదు. కావాలని ఓడిపోయి, తక్కువ ఆటగాళ్లలో చేరి, తర్వాత పోటీల్లో గెలుచుకుపోయేవాళ్లు ఉంటారు కదా. ఆ లెక్కలో పడ్డాడు. సోమవారం పన్నెండింటికి ఖాతా మూసేయాలి. తెలుగు మీది కాబట్టి బటన్ మీరే నొక్కాలి."

"అడిగి చూస్త సార్, ఎందుకట్ల ఆడుతున్నడో."

"అయ్యో, అసలు చెప్పకూడదండీ. ముందు చెబితే వాళ్లు పోతూ పోతూ ఆగం చేసి పోతున్నారు. మూసేసిన తర్వాతే తెలియాలి. రూలు మీకు తెలుసు కదా."

తెలుసు. ఆమె ఆ రూలు ప్రకారమే పదిహేను ఖాతాలు మూసింది. ఒక్కసారీ నిద్ర చెడలేదు.

ఆ సాయంత్రం గంగన్న ఆటలు తెరిచి చూసింది. వజీర్ ఎదురుగా ఉంటుంది. కొడితే ఆట గెలిచినట్టే. గంగన్న నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు అలాగే కూర్చుంటాడు. చివరికి ఏ మూలనో ఉన్న బంటును ఒక గడి జరుపుతాడు. ఆకలైన మనిషి వడ్డించిన విస్తరి ముందు కూర్చుని గోడ వైపు చూస్తున్నట్టుంది. ఒకటి కాదు, రెండు కాదు, ముప్పై ఒకటి. చూస్తుంటే ఎస్తర్‌కు చేయి పెట్టి తానే ఆ వజీర్‌ను కొట్టాలనిపించింది. మోసగాడు ఇంత మొద్దుగా మోసం చేస్తాడా అన్న అనుమానం కూడా అక్కడే పుట్టింది.

ఆటగాళ్లను బయట కలవకూడదని ఇంకో రూలుంది. కానీ గంగన్న తన పేరు కింద ‘రిటైర్ ఫిట్టర్, ఖండసారి చక్కెర మిల్లు పాత గేటు ఎదురుంగ, బోధన్. ఎప్పుడొచ్చినా చాయ్ తాపిస్త’ అని రాసుకున్నాడు. చిరునామా పెట్టకూడదని ఎస్తర్ రెండుసార్లు చెరిపింది. ఆయన రెండుసార్లూ మళ్లీ పెట్టాడు. ఆదివారం ఆరాధన అయిపోగానే చర్చి నుంచి నేరుగా బస్టాండుకు నడిచి బోధన్ బస్సెక్కింది. మోడరేటర్‌గా పోవడం లేదు, చాయ్ తాగడానికి పోతున్నానని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

మిల్లు గేటు తుప్పు పట్టి ఉంది. తాళం కూడా. ఎదురుగా రేకుల ఇంటి ముందు ఓ ముసలాయన పంపుసెట్ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. పక్కన పీట మీద చదరంగం బల్ల. అందులో ఒక ఏనుగు పోయినట్టుంది, దాని చోట ఇనుప నట్టు నిలబెట్టి ఉంది.

"గంగన్న బాపు మీరేనా? నేను ఎస్తర్. గళ్లబల్ల మోడరేటర్ని."

ముసలాయన చేతులు తుడుచుకుని లేచాడు. "ఓ సాయవ్వా! ఆఫీసు మేడమొచ్చింది, చాయ్ వెట్టు!" అని లోపలున్న భార్యకు కేకేశాడు. తర్వాత ఎస్తర్‌ను ఎగాదిగా చూశాడు. "ఉత్తరాలు రాసింది నువ్వేనా బిడ్డా? మంచిగ రాస్తవ్. గని మూడు ఉత్తరాలు ఒక్కతీర్గనే రాసినవ్."

అవి తాను రాసినవి కావని చెప్పడానికి ఎస్తర్‌కు సిగ్గేసింది. కుర్చీలో కూర్చుంటూనే అసలు సంగతికి వచ్చింది.

"బాపూ, ఒక్క మాట అడుగుత. ఎదుటోల్ల వజీర్ దొరికితె ఎందుకు కొడ్తలేరు?"

"చెప్పకుండ ఎట్ల కొడ్త? చెప్పనీకి నువ్వే బంద్ వెడ్తివి గద."

ఆయన ఫిర్యాదుగా కూడా అనలేదు. మోటారులో ఏ భాగం పోయిందో చెప్పినట్టు చెప్పాడు.

"చెప్పుడెందుకు బాపూ?" ఎస్తర్ గొంతు ఆమెకు తెలియకుండానే పెరిగింది. "బల్ల మీద అందరికి కనబడుతనే ఉంటది గద! సూసుకోకపోతె ఆల్ల తప్పు!"

"కనబడుతది. ఎందుకు కనబడది." గంగన్న గడ్డం ఎత్తి గేటు వైపు చూపించాడు. "గా తాళం గూడ మంచిగ కనబడ్డది. గేటు దాంక పోయినంక."

సాయవ్వ చాయ్ తెచ్చి ఇచ్చి, గుమ్మంలోనే నిలబడింది. గంగన్న చెప్పుకొచ్చాడు. చెరుకు గానుగాడే నడి సీజన్‌లో, పొద్దున షిఫ్టుకు అన్నం డబ్బాలు పట్టుకుని పోతే గేటుకు తాళముందట. ఒక కాగితం అంటించి ఉందట. ముందురోజు సాయంత్రం దాకా ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మిల్లులో కాంటా దగ్గర చెరుకు బండ్లు తూచే గులాం భాయ్ గంగన్న జోడీ. తిండి సెలవులో ఇద్దరూ రోజూ చదరంగం ఆడేవాళ్లు.

"గా దినం ఏం జేస్తం బిడ్డా. ఇంటికి పోయి ఏం జెప్పాల్నో సమజ్ గాలె. గేటు ముంగటనే బల్ల వరిసినం. ఆడుతుంటె నేను గులాం భాయ్ వజీర్ కొట్టిన. ఆయన నా దిక్కు సూసి, గంగన్నా, ఇగ మన బల్ల మీద ఎవ్వన్ని చెప్పకుండ కొట్టొద్దన్నడు. చెప్పాలె, ఒక్క ఎత్తు టైమియ్యాలె, గప్పుడు గూడ ఆడనే ఉంటె కొట్టాలె. గదే మా రూలు."

"మీ ఇద్దరి రూలు లోకమంత ఎందుకు పాటిస్తది బాపూ?"

"లోకాన్ని పాటియ్యమన్ననా? నేను పాటిస్తున్న గంతే."

ఎస్తర్‌కు ఈయన్ను పట్టుకుని కుదిపేయాలనిపించింది. చాయ్ గబగబా తాగి నాలుక కాల్చుకుంది.

గంగన్న ఫోన్ తెచ్చి ఒక ఆట తెరిచి చూపించాడు. గులాం భాయ్ ఇప్పుడు బోధన్ దగ్గరి వర్నిలో కూతురి ఇంట్లో ఉంటాడు. చెవులు బొత్తిగా పోయాయి, ఫోన్లో మాట్లాడటానికి లేదు. కళ్లు మాత్రం బాగున్నాయి. నాలుగేళ్లుగా ఇద్దరూ గళ్లబల్లలో ఆడుతున్నారు, రోజుకొక్క ఎత్తు. పొద్దున లేవగానే ఒకరు, చాయ్ తాగాక ఒకరు.

"ఎత్తొచ్చిందంటె మనిషి మంచిగున్నడన్నట్టు. ఒక్కనాడు ఆయన ఎత్తు రాలేదు బిడ్డా, సాయవ్వ నేను బస్సెక్కి ఉరికినం. జరమొచ్చి పండుకున్నడు. రేపు నా ఎత్తు రాకుంటె ఆయన గూడ గట్లనే బుగులు వడ్తడు. నేను సచ్చిననుకుంటడు."

ఆ ఆటలో గులాం భాయ్ వజీర్ గంగన్న గుర్రం దెబ్బ కింద ఉంది. పన్నెండు రోజులుగా అక్కడే ఉంది. గంగన్న పన్నెండు రోజులుగా రాజును ఒక గడి ముందుకు, ఒక గడి వెనక్కు తిప్పుతున్నాడు. పక్క కిటికీలో గులాం భాయ్ రాసిన మాటలు వరుసగా ఉన్నాయి. ‘గంగన్నా ఏమైంది’, ‘పానం బాగలేదా’, ‘నా మీద కోపమా’. గంగన్న బదులివ్వలేదు. ఇవ్వనివ్వకుండా చేసింది ఎస్తర్.

అప్పటికప్పుడు ఆ కిటికీ తెరిచేద్దామని తన ఫోన్ తీసింది. విచారణలో ఉన్న ఖాతా, ఎవరూ ముట్టుకోరాదని వచ్చింది. పళ్లు కొరుక్కుంటూ ఫోన్ సంచిలో పడేసింది.

"నువ్వేం పని జేస్తవ్ బిడ్డా?" అని అడిగాడు గంగన్న.

"నిజామాబాదుల ల్యాబుల రక్తం తీస్త."

"సూది గుచ్చెటప్పుడు చెప్తవా?"

"చెప్త."

"ఎందుకు? సూది కనబడుతనే ఉంటది గద."

ఎస్తర్ ఖాళీ గ్లాసు సాయవ్వ చేతికిచ్చింది. ఇంకో చాయ్ తాగి పొమ్మని సాయవ్వ ఎంత చెప్పినా వినకుండా లేచింది. రేపు పన్నెండింటికి మీ ఖాతా పోతుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రూలు గుర్తొచ్చి మింగేసింది. బస్సులో దారి పొడవునా కోపమే. మల్లికార్జున్ మీద కోపం, యంత్రం మీద కోపం, ముప్పై ఒక్క వజీర్లను వదిలేసిన ఆ మొండి ముసలాయన మీద కోపం. అన్నిటికంటే, మూడు అచ్చు ఉత్తరాలు పంపి ఒక్కసారైనా ‘ఎందుకు బాపూ’ అని అడగని తన మీద ఎక్కువ కోపం.

ఇంటికి వెళ్లగానే మల్లికార్జున్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నాకు అర్థమైందండీ. నిజంగా అర్థమైంది. పైవాళ్లకు ఇప్పుడే రాసి చూస్తాను."

గంట తర్వాత తిరిగి చేశాడు. "ఒప్పుకోలేదండీ. తెలిసీ కొట్టకుండా వదిలేశానని ఆయనే ఒప్పుకున్నాడు కదా, అదే నేరం అంటున్నారు."

"మీకు అర్థమైందన్నరు గద సార్!"

"నాకు అర్థమైతే ఏం లాభమండీ, ఫారంలో దానికి గడి లేదు. రేపు పన్నెండింటికి. ఆయనకు మాత్రం చెప్పకండి, మీకే ఇబ్బంది."

సోమవారం ల్యాబులో ఎప్పటిలాగే రద్దీ. తిండి తినకుండా రావాల్సిన పరీక్షలవాళ్లంతా ఆకలి మీద విసుక్కుంటున్నారు. తొమ్మిదిన్నరకు ఎస్తర్ చేతికున్న తొడుగులు విప్పేసి, వెనక మెట్ల మీదికి పోయి, నిన్న బోధన్‌లో రాసుకున్న గంగన్న నంబరుకు ఫోన్ చేసింది.

"బాపూ, నేను ఎస్తర్ని. పైలం. ఇయ్యాల పన్నెండు గంటలకు మీ ఖాతా బంద్ జేస్తున్రు. జేసేది నేనే."



"పన్నెండింటికా?"

"ఆఁ."

"ఇప్పుడు తొమ్మిదిన్నర. అయితె నాకింకొక్క ఎత్తున్నదన్నట్టు," అని ఫోన్ పెట్టేశాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ఆయనే చేశాడు. వెనక ఎవరో చెవులు వినబడని మనిషిలా గట్టిగా నవ్వుతున్న చప్పుడు.

"వర్నిల ఉన్న బిడ్డా. గులాం భాయ్ కాడ. బల్ల ఎంబడి వట్టుకొచ్చిన. వారానికోసారి నేనొస్త, వారానికోసారి ఆయనొస్తడు, ముచ్చట అయిపోయింది. ఆయన వజీర్ సంగతి గూడ చెప్పిన. పన్నెండు దినాల సంది సూసుకోలేదట, తిడుతున్నడు."

"బాపూ, నేను ఆపెతందుకు మస్తు కోషిష్ జేసిన. నాతోటి గాలేదు."

"చెప్పినవ్ గద బిడ్డా," అన్నాడు గంగన్న. "ఇగ కొట్టు."

ఎస్తర్ ఫారం తెరిచింది. కారణం, తేదీ, తన పేరు. చివర ఒక చిన్న గడి ఉంది. ‘ఆటగాడికి ముందుగా ఏ సమాచారమూ ఇవ్వలేదని ధ్రువీకరిస్తున్నాను.’ అందులో టిక్కు పెడితే తప్ప కింది బటన్ పని చేయదు. ఇంతకుముందు పదిహేనుసార్లు చదవకుండానే పెట్టిన టిక్కు అది. ఈసారి వేలు దాని మీద ఆగిపోయింది. ఫారం మూసేసి మల్లికార్జున్‌కు మెసేజ్ రాసింది. ‘ఆయనకు చెప్పాను. రెండున్నర గంటల ముందే చెప్పాను. అబద్ధపు టిక్కు పెట్టను. ఎస్తర్.’

పన్నెండూ పదిహేడుకు గంగన్న పేరు బూడిదరంగులోకి మారింది. ఇంకెవరో నొక్కేశారు. పన్నెండూ ఇరవైకి ఆమె మళ్లీ చూసుకుంటే తన పేరు పక్కన డాలు లేదు. ఫోన్ రాలేదు. ఉత్తరం రాలేదు. తాను అందరికీ పంపే ఆ అచ్చు ఉత్తరమైనా రాలేదు. రెండేళ్లుగా కాసిన కాపలా పోయినందుకు ఆమెకు బాధ కలగలేదు. చెంప మీద ఎవరో వెనక నుంచి కొట్టినట్టయింది, ఒళ్లంతా మండిపోయింది.

"ఒక్క ముక్క చెప్పి తీస్తె మీ సొమ్మేం వోతుండె!" అని అరిచింది.

కుర్చీలో చొక్కా చెయ్యి మడిచి కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. మాక్లూర్ నుంచి షుగరు పరీక్షకు వచ్చిన మనిషి. "నన్నేనా అమ్మా?" అన్నాడు.

"మిమ్ముల గాదు బాపూ. మీరు చెయ్యి చాపుండ్రి."

పట్టీ కట్టింది. నరం వెతికింది. సూది తీసింది.

"ఇగో, గుచ్చుతున్న," అంది. పెద్దాయన మొహం అటు తిప్పుకుని, చేతిని కాస్త జరుపుకుని, గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఎస్తర్ ఆయన సర్దుకునేదాకా ఆగి, అప్పుడు గుచ్చింది.